గోధుమ రంగు స్టిక్కరు

చెవి మిషన్ల షాపులో ఆ మధ్యాహ్నం జనం లేరు. కౌంటరు దగ్గర నిలబడ్డ కోడలికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. నాలుగేళ్ల తర్వాత రేపు మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది. ఇంట్లో చిన్నత్తగారికి బెల్లు వినబడితే చాలు, నిశ్చింతగా వెళ్లిపోవచ్చు. వినబడకపోతే ఆ ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. అందుకే ఆవిడ మిషను ఓసారి చూపిద్దామని తెచ్చింది.

ఆ నాలుగేళ్లూ అత్తగారి చెవి తుడవడంతోనే సరిపోయింది. కారే చెవి. పసుపుపచ్చని చీము, కుళ్లిన గుడ్డు వాసన. తుడిచి వచ్చాక అన్నం సయించేది కాదు. ఛీ, ఏం బతుకు! ఆవిడ పోయినప్పుడు అందరితోపాటు ఏడ్చింది గానీ, లోలోపల ప్రాణం ఎంత తెరిపిన పడిందో ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత ఆవిడ చెల్లెలు ఈ ఇంటికి వచ్చింది. ఆవిడకీ చెవుడే. చెవిలో దూర్చే రబ్బరు బుడిపె కొత్తది వేయించి, అక్కగారి మిషనే పెట్టారు. వారం కిందట బ్యాటరీ మార్చింది కోడలే.

షాపాయన మిషను మూత తెరిచి కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఈ బ్యాటరీ ఎవరు వేశారమ్మా?”

“నేనేనండీ. గుండ్రంగా అంతే ఉంది కదా అని...”

“గుండ్రం అంతే, మందం తక్కువ. ఇది గోధుమ రంగు స్టిక్కరుది. మీకు నారింజ రంగుది కావాలి. చూడండి, లోపల ఎలా లొడలొడలాడుతోందో. దీంతో ఒక్క నిమిషం కూడా పనిచేయదు.”

“వారమంతా చేసిందండీ! వంటింట్లో నేను గొణుక్కున్నా హాల్లోంచి జవాబిచ్చారు.”

“మీ గొణుగుడు అంత గట్టిదేమో,” అని నవ్వి బుడిపె పట్టుకున్నాడు. చటుక్కున వదిలేశాడు. “ఆవిడకి చెవి కారుతోందా?”

“లేదే... మొన్ననే డాక్టరు చూశారు. పొడిగా ఉందన్నారు.”

బుడిపె నిండా పచ్చటి చీము. వెచ్చగా ఉందమ్మా, అంటూ ఆయన వేళ్లు తుడుచుకున్నాడు. అదే వాసన. ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది.

కొత్త బ్యాటరీ మీది నారింజ స్టిక్కరు ఊడదీసి, దానికి గాలి పట్టేదాకా ఐదు నిమిషాలు ఆగి, మిషన్లో వేసి ఇచ్చాడు. మిషను కుయ్‌మంది. రుమాల్లో చుట్టి పర్సులో పడేసుకుని, మళ్లీ దాన్ని తాకకుండా ఇల్లు చేరింది.

లోపల గడియ వేసి ఉంది. మిషను తన దగ్గరే ఉంది కాబట్టి ఎలాగూ కిటికీ బాదాలి. అయినా అలవాటుగా బెల్లు నొక్కింది.

మోత ఆగకముందే గడియ జారింది.

తలుపు తోసింది. వెనక ఎవరూ లేరు. హాలు చివర చిన్నత్తగారు ఇటు వీపు పెట్టి ఊలు అల్లుతోంది. కోడలు గడియ మీద చెయ్యి వేసింది. తడి... జిగురు... వేళ్లు అంటుకున్నాయి. ముక్కు దగ్గరికి తెచ్చుకోనక్కర్లేకపోయింది.

“ఎవరు... తీశారు?” గుసగుసగా అంది.

చిన్నత్తగారు తల తిప్పలేదు. “అక్క.”

కోడలు వేళ్లు తలుపుకేసి రుద్దింది.

“వారం నుంచీ నువ్వేమన్నా నాకు తనే చెబుతోందమ్మా. రేపు నువ్వు వెళ్లిరా. బెల్లు సంగతి తను చూసుకుంటుందట. కాకపోతే...”

పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు వంగి విన్నది.

“వెళ్లేముందు రోజూ ఓసారి తుడిచి వెళ్లమంటోంది.”

ఆ కుర్చీ చేతి మీద పసుపుపచ్చని చుక్క ఒకటి పడింది. కాసేపటికి... ఇంకొకటి.