చేతికి తెలుసు

2089లో హనుమకొండలో క్షవరం చేయించుకోవాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. జుట్టు కత్తిరించే పని యంత్రానిదే అయినా, కబుర్లు చెప్పే పనికి మాత్రం ఇంకా మనిషినే పెట్టుకున్నారు. ఆ మనిషి అడుగుతాడు: "సాత్విక్ దిక్కా, లోహిత్ దిక్కా?" లోహిత్ అన్నవాడి తల మీద జుట్టు కాస్త ఎక్కువే పోతుందని ఊళ్ళో ప్రతీతి. విశాఖపట్నంలోనూ ఇదే తంతు, పేర్లు మాత్రం తారుమారు.

ఓరుగల్లు జట్టు సాత్విక్, విశాఖ జట్టు లోహిత్, ఇద్దరూ బంతి వదిలేసి ముప్పై ఆరేళ్ళయింది. అయినా జనం వాళ్ళనే పట్టుకు వేలాడటానికి కారణం ఉంది. ఇప్పటి బాస్కెట్‌బాల్‌లో పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆటగాళ్ళు వారానికో జట్టు మారతారు. చెవిలో దూర్చిన 'చెవిగురువు' ఎక్కడ అడుగు వేయాలో, ఎప్పుడు ఎగరాలో చెబుతూనే ఉంటుంది. ఎవరూ తప్పు చేయరు కాబట్టి ఎవరి మీదా కోపం రాదు. కోపం రాని ఆటను మనిషి ఎంతసేపని చూస్తాడు? స్టేడియంలు ఖాళీ అవుతున్నాయి. అందుకని లీగ్ అధ్యక్షుడు గిరిధర్ పాత పోట్లాటనే మళ్ళీ వంటకెక్కించాలని నిర్ణయించాడు.

ఆ పని మాండవి మీద పడింది. ఆమె రాజమండ్రి నుంచి వచ్చిన నాడీశాస్త్రవేత్త. ఆమె కట్టిన యంత్రం పేరు యుగతుల. వేర్వేరు కాలాల ఆటగాళ్ళను ఒకే తక్కెడలో తూచడం దాని పని. పద్ధతి చెప్పడానికి తేలికే. ఆటగాడి తలకు పల్చటి టోపీ తొడుగుతారు. ఏళ్ళ తరబడి చేసిన కదలికలన్నీ అతని నరాల్లో బాటలు వేసి ఉంటాయి కదా, ఆ బాటలను టోపీ చదివి 'నరముద్ర' తీస్తుంది. తర్వాత 'వయసు సవరణ' చేస్తారు. అంటే మోకాళ్ళ అరుగుదల, కంటి మసక, ఊపిరి కొరత లెక్కగట్టి తీసేస్తారు. మిగిలిన దాన్ని కాంతితో అల్లి కోర్టు మీద నిలబెడితే అది 'ఆటనీడ'. అది పడుచుతనంలో ఆ మనిషి ఎలా ఆడేవాడో అలాగే ఆడుతుంది. ముందే రాసిపెట్టిన ఆట కాదు. ఎదుటివాణ్ణి బట్టి, అప్పటికప్పుడు.

రెండు జట్ల పాతవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి నరముద్రలు ఇచ్చారు. లోహిత్ కూడా పోయినేడే వచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆ వానాకాలంలోనే గుండె ఆగి పోయాడు. సాత్విక్ మాత్రం రెండేళ్ళుగా మాండవిని గుమ్మం తొక్కనివ్వలేదు. లోహిత్ పోయిన కబురు తెలిసిన తరువాత ఒకరోజు తనే రమ్మని పిలిచాడు.

డెబ్బై దాటినా మనిషి ఇంకా గుమ్మానికి తల తగలకుండా వంగే నడుస్తున్నాడు. కూర్చోమని కుర్చీ చూపించి, ఎదురుగా సకినాల పళ్ళెం పెట్టాడు.

"ఒక్క మాట అడుగుత బిడ్డా. నీ మిషిను ఆ ఆఖరి షాట్ గూడ చూపిస్తదా?"

ఏ షాట్ అని మాండవి అడగలేదు. తెలుగువాడెవడూ అడగడు. 2053 ఫైనల్, విశాఖ కోర్టు. ఓరుగల్లు ఒక్క పాయింటు ముందుంది. బంతి లోహిత్ చేతిలో ఉంది. లోహిత్ ఎగిరాడు, అడ్డుకోవడానికి సాత్విక్ కూడా ఎగిరాడు. బయట తుఫాను గాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చింది. కెమెరాల గడియారాలు చెదిరిపోయాయి. బజర్ మోగింది, బంతి రింగులో పడింది. బజర్ మోగాక వదిలాడా, మోగకముందే వదిలాడా? చెల్లుతుందని రిఫరీ చెప్పాడు. విశాఖ గెలిచింది.

"నేను వాని దగ్గరికి పోయిన. 'నీ చేతికి ఎర్కే ఉంటది, చెప్పు' అన్న. తల కిందికేసుకున్నడు. అందరి ముంగట 'దొంగ' అన్న. అంతే. మళ్ళ మాట్లాడలె."

అంతకుముందు వాళ్ళ సంగతి వేరు. ఆట ఓరుగల్లులో అయితే ముందురోజు లోహిత్ భోజనం సాత్విక్ ఇంట్లోనే. ఆట విశాఖలో అయితే సాత్విక్ వెళ్ళి లోహిత్ తల్లి చేతి బెల్లం ఆవకాయతో అన్నం తినేవాడు. అక్కడ కడుపు నిండా తిని, మర్నాడు కోర్టులో ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఇద్దరిలో ఎవరు ఎవరి తల తన్నారో వాళ్ళకే తెలిసేది కాదు. ఏటా వేసవిలో ఆ తల్లి సాత్విక్ ఇంటికి పంపే ఆవకాయ జాడీ, ఫైనల్ తర్వాతి వేసవి నుంచి రాలేదు.

"ఆ క్షణం నరముద్రలో ఉండాలండీ. చెయ్యి చేసిన పని ఎక్కడికీ పోదు" అంది మాండవి.

"వాని నోరు చెప్పలె. చెయ్యన్న చెప్తది. నేను వాణ్ణి ఉత్తగనే దొంగ అన్ననా, ఏంది? నాకు గదొక్కటి తెల్వాలె. పెట్టు నీ టోపి."

యుగతుల తొలి ఆటను హనుమకొండలో పాత ఇండోర్ స్టేడియంలో పెట్టారు. ఎప్పుడో గాని నిండని స్టేడియం ఆ సాయంత్రం నిండింది. సగం మంది విశాఖ నుంచి ప్రత్యేక రైళ్ళలో దిగారు.

ముందు యుగాల తూకం. పాత ఓరుగల్లు నీడలను ఇప్పటి చాంపియన్ జట్టు మీదికి వదిలారు. ఇప్పటి నియమాలతో ఆడితే పాతవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. ఇప్పటివాళ్ళ ఎత్తేమిటి, వేగమేమిటి! స్టేడియంలో ముసలివాళ్ళ ముఖాలు మాడిపోయాయి. తర్వాత పాత నియమాలు పెట్టి, ఇప్పటి కుర్రాళ్ళ చెవుల్లోంచి చెవిగురువులను తీసేశారు. ఇక చూడాలి. బంతి చేతికి వస్తే ఎవరికివ్వాలో తెలియక వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలెట్టారు. పాతవాళ్ళు వాళ్ళను ఆటాడించారు. ఎవరింట్లో వాళ్ళే మొనగాళ్ళని దాంతో తేలింది. ఇంతమాత్రం తెలుసుకోవడానికి అంత యంత్రం అక్కర్లేదు గాని, గిరిధర్ మాత్రం సంతోషంగా చేతులు రుద్దుకున్నాడు. ఆ సాయంత్రం అసలు సరుకు ఇంకా ముందుంది.

2053 ఫైనల్ మళ్ళీ మొదలైంది. కోర్టు మీద ముప్పై అయిదేళ్ళ లోహిత్, ముప్పై అయిదేళ్ళ సాత్విక్. ఆ పొగరు, ఆ మోచేతులు. అంచున కూర్చున్న ముసలి సాత్విక్ మోకాళ్ళు తనకు తెలియకుండానే కదులుతున్నాయి. ఒకసారి లోహిత్ నీడ వెనక్కి తిరక్కుండా బంతి అందించడం చూసి, "అబ్బ, దొంగ నా కొడుకు!" అని మురిసిపోయాడు. వెంటనే ఆ మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఆఖరి క్షణాలకు ఆనాటి స్కోరునే పెట్టారు. ఓరుగల్లు ఒక్క పాయింటు ముందు. బంతి లోహిత్ చేతిలోకి వచ్చింది. స్టేడియం అంతా లేచి నిలబడింది.

లోహిత్ నీడ ఎగరలేదు. బంతిని రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడిపోయింది.

సాత్విక్ నీడ కూడా ఎగరలేదు. అడ్డంగా చాపిన చేతులు దించేసింది. ఒక అడుగు పక్కకు తప్పుకుని, వేసుకో అన్నట్టు దారి ఇచ్చింది.

బజర్ మోగింది. రెండు నీడలూ ఒకదాన్నొకటి చూస్తూ అలాగే నిలబడి ఉన్నాయి. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మొదలైంది గోల. "చూశార్రా, తప్పని లోహిత్ చెయ్యే ఒప్పుకుంది!" అని ఓరుగల్లు వాళ్ళు. "సాత్విక్ బయపడి పక్కకి తప్పుకున్నాడు, సూడండెహె!" అని విశాఖ వాళ్ళు. కుర్చీలు గాల్లోకి లేచాయి.

గిరిధర్ యంత్రం గదిలోకి దూసుకొచ్చాడు. "ఏమిటీ లోపం?"

"తులా, ఏం జరిగింది?" మాండవి యంత్రాన్ని అడిగింది. తలుపు దగ్గరకు సాత్విక్ కూడా వచ్చి నిలబడ్డాడు.

"లోపం లేదు. నరాలకు చేసిన పనికీ, చేసినట్టు పదే పదే ఊహించుకున్న పనికీ పెద్ద తేడా తెలియదు. ఎక్కువసార్లు నడిచిందే బాట. లోహిత్ ఆ షాట్ వేసింది ఒక్కసారి. వేయకుండా ఆగిపోయినట్టు ఊహించుకున్నది లెక్కలేనన్ని సార్లు. సాత్విక్ గారు అడ్డుపడింది ఒక్కసారి. దారి వదిలినట్టు ఊహించుకున్నది అన్నే సార్లు. వయసు సవరణ మోకాళ్ళ వయసు తీసేసింది. దీన్ని తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు" అంది తుల.

మాండవి తల పట్టుకుంది. మోకాళ్ళు అరిగితే లెక్కగట్టారు, చూపు మందగిస్తే లెక్కగట్టారు. మనిషి పడే బాధ కూడా మణికట్టులో చేరుతుందని ఇంతమంది శాస్త్రవేత్తల్లో ఒక్కరికీ తోచలేదు.

సాత్విక్ మెల్లగా లోపలికొచ్చాడు. "వాడు గూడనా? వాడు గూడ నా లెక్కనే..." అంటూ యంత్రం ముందుకు నడిచాడు. "తులా, అయితే అసలు షాట్ సంగతేంది? బజర్ తర్వాత ఇడిసిండా, ముందే ఇడిసిండా?"

"ఈ ప్రశ్న నన్ను ఇంతకుముందు ఒకరు అడిగారు. నరముద్ర ఇచ్చిన రోజున, లోహిత్."

సాత్విక్ అర్థంకానట్టు మాండవి వైపు చూశాడు. ఆమెకూ తెలియదు. ఆ రోజు ఆమె లోహిత్‌ను యంత్రంతో వదిలి టీ తేవడానికి వెళ్ళింది.

"వానికే తెల్వదా?" అన్నాడు సాత్విక్.

"తెలియదు. ఆయన మాటలు నా దగ్గరున్నాయి. వింటారా?"

సాత్విక్ తలూపాడు. గదిలో లోహిత్ గొంతు వినబడింది. ముసలి గొంతు, కాస్త ఆయాసం. "సెప్పమ్మా, నా సెయ్యి ఎప్పుడు వొదిలింది? ఆడు అడిగిన నాడు నాకు తెలీలేదు. ఇప్పుటికీ తెలీదు." తర్వాత తుల గొంతు: "ఆ గుర్తు లేదండీ. మీరు దాన్ని అన్నిసార్లు తిరగేశారు, అసలుది అరిగిపోయింది." మళ్ళీ లోహిత్: "అయితే ఇంక ఆడికేటి సెప్పను నాను? ఏటీ లేకండా ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

అంతే. గొంతు ఆగిపోయింది.

సాత్విక్ అక్కడున్న బల్ల అంచు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "తెల్వదని చెప్తే అయిపోతుండె గద రా" అన్నాడు, ఎదుట లేని మనిషితో. "తెల్వదంటే ఏమైతుండె? నేనన్న ఒక్కపారి ఫోన్ చేస్తే ఏం బోతుండె? గింతమంది గింత పెద్ద మిషిను కట్టేదాక ఆగిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్న."

మాండవి కూడా అతని పక్కన నేల మీదే కూర్చుంది.

గిరిధర్ మాత్రం అప్పుడే పనిలో పడ్డాడు. "జనం ఈ ఏడుపు చూడ్డానికి రాలేదమ్మా. ముప్పై అయిదేళ్ళు దాటాక పట్టిందంతా గోకి తీసెయ్యండి. నీడలు ఎగరాలి, షాట్ పడాలి."

"ఆ షాట్ ఎలా పడిందో నరముద్రలోనే లేదండీ. బజర్‌కి ముందని పెట్టమంటారా, తర్వాతని పెట్టమంటారా?" మాండవి చిరాగ్గా అడిగింది.

గిరిధర్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత అతని ముఖం వెలిగిపోయింది. "రెండూ పెట్టండి" అన్నాడు.

మాండవి కాదంది. రెండు రోజులు కాదంటూనే ఉంది. మూడో రోజు ఆమె కింద పనిచేసేవాళ్ళే ఆ పని చేసిపెట్టారు. రేపట్నుంచి మీ ఇష్టం వచ్చిన జట్టును మీరే గెలిపించుకోవచ్చని లీగ్ ప్రకటన ఇచ్చింది. అంతకంటే పెద్ద తక్కెడ మరొకటి లేదనుకుంది మాండవి. ఎవరి చేయి పడితే వారి వైపే మొగ్గుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె సాత్విక్ ఇంటికి వెళ్ళింది. యుగతుల నుంచి తప్పుకున్నానని చెప్పడానికి. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. వీధి చివర టపాకాయలు పేలుతున్నాయి. కుర్రాళ్ళు ఆయన పేరు అరుస్తూ బళ్ళ మీద తిరుగుతున్నారు. అందులో ఒక్కడు కూడా ఆ ఫైనల్ నాటికి పుట్టి ఉండడు.

"నేను గెలిచిన్నట" అన్నాడు సాత్విక్.

"అవునండీ. ఇక్కడ ఆ షాట్ చెల్లలేదని చూపించారు."

"మరి విశాఖల?"

"అక్కడా కాలుస్తున్నారండీ టపాకాయలు. బజర్‌కి ముందే పడిందట."

సాత్విక్ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక రాకెట్టు పైకి లేచి ఎర్రగా విచ్చుకుంది. దాని వెలుగులో ఆయన కళ్ళు తడిగా కనబడ్డాయి.

"అయితే వాడు గెలిచిండన్నట్టే గద, అక్కడ?"

"గెలిచారండీ."

"మంచిగైంది" అన్నాడు. "ఫోన్ చేసి చెప్తామంటే వాడు లేడు."