రాంగోపాల్‌పేట్ రిపీటర్

సైనిక్‌పురి పార్కు గోడ పక్కన స్కూటర్ ఆపి, సదాశివ ఏంటెనా పైకెత్తాడు. చూసేవాళ్లకు అది పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. తెల్లటి ప్లంబింగ్ పైపుకు వడ్రంగి వాడే ఇనుప కొలత టేపు ముక్కలు మూడు అడ్డంగా బిగించాడు. దాని వైరు ఆయన మెడలో వేలాడుతున్న చిన్న రేడియోలోకి పోతోంది.

వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆయన్ను వింతగా చూసి తప్పుకుని వెళ్లారు. సదాశివ పట్టించుకోలేదు. నిలబడ్డచోటే నెమ్మదిగా తిరుగుతూ చెవిలో సిగ్నల్ ఎటువైపు పెరుగుతోందో గమనిస్తున్నాడు. చర్చి వైపు తగ్గింది. పాల బూత్ వైపు పెరిగింది. ఇంకాస్త తిరిగాడు. సిగ్నల్ చెవి పగిలేంత గట్టిగా వచ్చింది.

అంత గట్టిగా రావాలంటే మనిషి పక్కనే ఉండాలి.

ఏంటెనా చూపిస్తున్న దిక్కున, రోడ్డు అంచున ఒక తెల్ల కారు ఆగి ఉంది. వెనక అద్దం దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ పెద్దగా చప్పుడు చేయలేదు.

* * *

మినిస్టర్ రోడ్డులో ఇన్వర్టర్ బ్యాటరీలు బాగుచేసే సర్వీస్ సెంటర్ ఒకటుంది. అక్కడికి బ్యాటరీ తెచ్చినవాళ్లకు ‘స్పేర్లు లేవు’ అన్న జవాబు తప్ప మరేదీ రాదు. దాని వెనక గదిలో చీఫ్ జోగారావు టేబుల్ మీదున్న రికార్డర్ ఆన్ చేశాడు. ఆయనది కాకినాడ. ఉద్యోగం ఢిల్లీ మీదుగా హైదరాబాద్ తెచ్చినా యాస మాత్రం గోదావరి దాటలేదు.

రికార్డర్‌లో ఒక మగగొంతు పలికింది. మెషీన్‌తో మార్చిన గొంతు.

“గోడౌన్ రెడీ. రేపు పొద్దున బోణీ. బేరం పలకగానే గంట కొడతాం.”

ఆ వెంటనే ఫోన్ బటన్లు నొక్కినట్టు నాలుగు టోన్లు.

“ఆ టోన్లేంటి సార్?” అన్నాడు విజయేందర్. విదేశీ ముఠాల్లోకి చొరబడే పనిలో అతను పన్నెండేళ్లుగా ఉన్నాడు. పుట్టి పెరిగింది మల్కాజిగిరి.

“రిహార్సల్ అనుకుంటున్నాం. రేపు అవే టోన్లు ఎక్కడో ఓ బాంబుకి ట్రిగ్గర్. ఎక్కడో తెలీదు. ఈ ఫ్రీక్వెన్సీ మనకిచ్చింది ముఠాలో ఉన్న మన మనిషి, యోగిత. మూడుసార్లు డైరెక్షన్ ఫైండింగ్ వేన్ తిప్పాం. మూడుసార్లూ సూది రాంగోపాల్‌పేట్‌లో ఓ పాత మేడ మీదే ఆగింది. అక్కడ మనిషి లేడయ్యా. తాళం వేసిన చిన్న గదీ, దాని మీద ఏంటెనా. అంతే.”

“గది ఎవరిది?”

“హామ్ రేడియో క్లబ్బుది. లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియో నడుపుకునేవాళ్లు. ఆ గదిని చూసుకునే మనిషి సదాశివ, ఆర్మీ సిగ్నల్స్‌లో సుబేదారు చేసి రిటైరయ్యాడు. మొన్న సైనిక్‌పురిలో కాల్చేశారు. ఆయన జేబులో తాళంచెవి లేదు. గది తలుపుకి కొత్త తాళం, కొత్త ఇనుప పట్టీలూ వచ్చాయి.”

విజయేందర్ సదాశివ పేరు రాసుకున్నాడు.

“ఆయన భార్యని కలిసి రా. ఆవిడకీ లైసెన్స్ ఉందట,” అన్నాడు జోగారావు.

* * *

ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషంలో, బ్యాగు చేతబట్టుకుని వచ్చిన విజయేందర్‌ను శారదమ్మ గుమ్మంలోనే కాసేపు నిలబెట్టింది. లోపల చుట్టాలు కింద కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

“మా ఆయన ఇన్సూరెన్స్ ఎన్నడు చేయలే,” అంది ఆమె. “నీ కాలర్ కింద వైరు కనవడుతుంది కొడుకా. ముప్పై ఏండ్లు గవే వైర్ల నడుమ బతికినోళ్లం. లోపలికి రా.”

వెనక గదిలో రేడియో సెట్లున్న బల్ల ముందు ఆమె కూర్చుంది. విజయేందర్ తానెవరో చెప్పగలిగినంత చెప్పాడు. వేన్ సంగతి చెప్పాడు. ఆమె మొత్తం విని ఒకే ప్రశ్న వేసింది.

“మీ మిషన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద పెట్టిన్రు?”

చెప్పాడు.

“గందుకే దొరకలే. గా నంబర్ మేడ మీది రిపీటర్ మాట్లాడే ఫ్రీక్వెన్సీ. దాని మీద ఎతికితే రిపీటరే దొరుకుతది. మనిషి దొరకడు.” ఆమె చేతి సెట్ అందుకుని అతనికి స్క్రీన్ చూపించింది. “ఇనేటప్పుడు గీ నంబర్. ఇప్పుడు చూడు.” బటన్ నొక్కి వదిలింది. నొక్కినంతసేపూ స్క్రీన్ మీద నంబర్ కిందికి దిగి, వదలగానే మళ్లీ పైకి వచ్చింది. “మనం మాట్లాడేది కింది దాని మీద. రిపీటర్ దాన్ని ఇంటది, పై దాని మీద ఊరంతకు గట్టిగ చెప్తది. రెండు వేరువేరు. అందరు ఇనేది పైదే. కింది దాని మీద ఎతికితేనే మాట్లాడేటోని దగ్గరికి పోతవు.”

“సదాశివగారు చేసింది అదేనా?”

“ఎవడో కాల్‌సైన్, అదే లైసెన్స్ పేరు, చెప్పకుండ రిపీటర్‌ల జొరవడుతుండన్నడు. పోలీసోళ్లకు చెప్పరాదా అంటే, ముందుగాల నేను పట్టుకుంట అన్నడు. ఆయనకు గదొక ఆట.” ఆమె గొంతు మారలేదు. బల్ల మీద పడి ఉన్న వైరును వేళ్లకు చుడుతూ, విప్పుతూ ఉంది.

“అమ్మా, వాళ్లు టోన్లు పంపే టైముకి రిపీటర్ వినకుండా చేయొచ్చా?”

ఆమె వైరు వదిలేసి సెట్ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఎఫ్ఎంల బలమున్నోనిదే మాట. ఏంటెనా కిందనే నిలవడి నేను బటన్ నొక్కి పట్టుకుంటే, దూరం నుంచి ఎవడు నొక్కినా రిపీటర్‌కు ఇనవడది. ఇంకోటి సుత ఉంది. మూడు నిమిషాలు విడవకుండ నొక్కితే రిపీటర్ తనంతల తానే నోరు మూసుకుంటది. ఎవరన్న తెల్వక సెట్ మీద కూసుంటే మిషన్ కాలిపోవద్దని మా ఆయననే పెట్టిండు ఆ టైమర్. నొక్కిన చెయ్యి తీస్తేనే మల్ల తెరుచుకుంటది.”

“ప్రమాదం అమ్మా.”

“ఇంట్ల కూసుని ఏడ్వమంటవా?”

ఆఫీసుకు తిరిగొచ్చి విజయేందర్ ఇదంతా చెప్పాడు. రాత్రికే ఆ గది పగలగొట్టి రిపీటర్ ఆపేద్దామన్నాడు.

“ఆపితే వాళ్లకి తెలిసిపోతుంది,” అన్నాడు జోగారావు. “అగ్గిపుల్లతో అంటించే మనిషిని పంపుతారు. వాడు ఎక్కడికొస్తాడో మనకి తెలీదు. వాళ్లు నోరు విప్పాలి. మనం ఆ కింది ఫ్రీక్వెన్సీ మీద వాళ్లని పట్టాలి. ఆ తర్వాతే నొక్కి పట్టడం.”

“తప్పితే సార్?”

“తప్పితే ఆ పాపం నాది. రాసి పెట్టుకో.”

* * *

యోగిత పెద్దింటి పెళ్లిళ్లు చేయించే ఈవెంట్ ప్లానర్. ఆ సాయంత్రం ఆమె హోటల్లోకి రాగానే అందరి తలలూ అటు తిరిగాయి. లేత పసుపు పట్టుచీర, చెవికి ఒకే ఒక్క ముత్యం. ముఠా ఆమెను తన మనిషి అనుకుంటోంది. రెండేళ్లుగా ఆమె తన మనిషని విజయేందర్ నమ్ముతున్నాడు. ఆమె తమ్ముడు దుబాయ్‌లో ముఠావాళ్ల గుప్పిట్లో ఉన్నాడు. అతన్ని విడిపిస్తానని మాటిచ్చి విజయేందర్ ఆమెను ఇటు తిప్పుకున్నాడు. ఆ మాట ఇంకా మాటగానే ఉంది.

“వాళ్లు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారు?” అన్నాడు.

“చెప్పాను కదా విజయ్.”

“అది వినేది. మాట్లాడేది?”

ఆమె కాఫీ కప్పు పెదవిదాకా తెచ్చి ఆపింది. ఒక్క క్షణం. తర్వాత తాగింది.

“నాకు రిసీవర్ ఇచ్చారు. ఐ ఓన్లీ లిజన్.”

“రేపు ఎక్కడుంటావ్?”

“బేగంపేట్‌లో మెహందీ ఫంక్షన్ ఉంది. పొద్దున్నుంచే అరేంజ్‌మెంట్స్.” లేస్తూ అతని భుజం మీద చెయ్యి వేసింది. “ప్లీజ్, జాగ్రత్త.”

ఆమె వెళ్లాక గానీ తాను చేసింది అతనికి తట్టలేదు. కింది ఫ్రీక్వెన్సీ సంగతి తమకు తెలుసని ఆమెకు చెప్పేశాడు. ఆమె వాళ్ల మనిషే అయితే రేపు వాళ్లు ఆ ఫ్రీక్వెన్సీ మీదకే రారు. బాంబు మాత్రం పేలుతుంది. జోగారావుకు ఫోన్ చేద్దామని నంబర్ దాకా వెళ్లాడు. చేయలేదు.

* * *

బోణీ అన్న మాటను పట్టుకుని విజయేందర్ వేన్‌ను బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర పెట్టించాడు. ఊళ్లో అంతకంటే పెద్ద బోణీ మరెక్కడా జరగదు. సోడా కంపెనీ రంగు వేసిన ఆ వేన్‌లో ఇంజినీర్ ఆశీష్ రెండు రిసీవర్లు పెట్టుకుని కూర్చున్నాడు. పైది రిపీటర్ మాట్లాడే ఫ్రీక్వెన్సీ. కిందిది రిపీటర్ వినేది. విజయేందర్ హమాలీ వేషంలో, తలకు తువ్వాలు చుట్టుకుని, పక్కన ఉల్లిగడ్డ బస్తాతో ఉన్నాడు. చెవిలో ఫోన్ లైన్ తెరిచే ఉంది. అవతల రాంగోపాల్‌పేట్ మేడ మెట్ల మీద జోగారావు, శారదమ్మ, తలుపు కోయడానికి గ్యాస్ కట్టర్‌తో ఇద్దరు మనుషులు.

టమాటా లారీలు దిగుతున్నాయి. వేలం కేకలు, ఆటోట్రాలీల హారన్లు. కింది రిసీవర్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. రారేమో అనుకున్నాడు విజయేందర్. రాకపోతే కారణం తనే.

“బోణీ బేరం పలికింది.”

మెషీన్ గొంతు. రెండు రిసీవర్లలోనూ ఒకేసారి.

ఆశీష్ సూది మీదకు వంగాడు. “ఇన్‌పుట్ మీదే సార్, కిందిదే. గేటు అవతల ఆ లాడ్జి. టెర్రస్ కావచ్చు. బహుత్ దగ్గర.”

“అమ్మా, నొక్కండి,” అన్నాడు విజయేందర్.

పై రిసీవర్‌లో చప్పుడు ఆగి నిశ్శబ్దం నిండింది. అంతలోనే కింది రిసీవర్‌లో నాలుగు టోన్లు వరసగా మోగాయి. ఆశీష్ కళ్లు మూసుకున్నాడు. పై రిసీవర్‌లో ఏమీ రాలేదు. బయట ఎవరో ఆడమనిషి బెండకాయల బేరం ఆడుతూనే ఉంది. మళ్లీ నాలుగు టోన్లు. మళ్లీ.

విజయేందర్ బస్తా భుజాన వేసుకుని పరుగెత్తాడు.

లాడ్జి మెట్లు ఎక్కుతుండగా చెవిలో జోగారావు గొంతు వినిపించింది. “ఆవిడ సెట్ కాలిపోతోందయ్యా. కొంగు చుట్టి పట్టుకుంది. బ్యాటరీ ఒక్క గీతే ఉంది. తలుపు ఇంకా తెగలేదు.”

“టైమర్?”

“ఇంకా మూసుకోలేదు.”

రెండో అంతస్తు. మూడో అంతస్తు. చెవిలో శారదమ్మ గొంతు మెల్లగా వినిపించింది: “మూసుకుంది సార్. రిపీటర్ మూసుకుంది.”

టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు నీడలో ఇద్దరున్నారు. దుర్భిణితో మార్కెట్‌ను చూస్తున్న పొడవాటి విదేశీయుడు, అతని రెండో చేతిలో పిస్టల్. పక్కన చిన్న రేడియో సెట్ మీద బొటనవేలు పెట్టి యోగిత.

“ఎవడ్రా?” అన్నాడు పొడవాటివాడు, ముద్దముద్దగా వచ్చిన హిందీలో.

“ఉల్లిగడ్డ సాబ్,” అంటూ విజయేందర్ బస్తాను అతని ఛాతీ మీదకు విసిరాడు. పిస్టల్ గాల్లోకి పేలింది. ఇద్దరూ నేల మీద పడి దొర్లారు. కింద నుంచి ఆశీష్, వేన్‌లో దాగి ఉన్న ఇద్దరు కమాండోలు వచ్చేసరికి విదేశీయుడి చేతులు తువ్వాలుతో కట్టి ఉన్నాయి.

యోగిత సెట్‌ను పిట్టగోడ మీద పెట్టి వెనక్కి జరిగింది.

“ఆ సిగ్నల్ పోదని నాకు తెలుసు విజయ్,” అంది. ముఖంలో రక్తం లేదు. “ఈ సెట్ ఇయర్‌ఫోన్‌లో రిపీటర్ సైలెంట్ అయిపోయింది. విన్నాను. అందుకే నొక్కాను. నొక్కకపోతే వీడు నన్ను కాల్చేసి తనే కిందికి పోయేవాడు.”

“మాట్లాడింది కూడా నువ్వేనా? ఆ గొంతు?”

ఆమె తల దించుకుంది. “తమ్ముడు వాళ్ల దగ్గరున్నాడు.”

విజయేందర్ సెట్‌ను అంచులు పట్టుకుని ప్లాస్టిక్ కవర్లో వేశాడు. అక్కడ ఏ బటనూ ముట్టుకోలేదు. బాంబ్ స్క్వాడ్‌కు గంట పట్టింది. గేటు దగ్గర ఆగిన ఆటోట్రాలీలో, టమాటా క్రేట్ల కింద, రిసీవర్ తగిలించిన నాలుగు స్టీలు క్యాన్లు దొరికాయి.

* * *

అతను రాంగోపాల్‌పేట్ చేరేసరికి తలుపు కోసేశారు. రిపీటర్ పవర్ తీసేశారు. అయినా శారదమ్మ మెట్టు మీద రెండు చేతులతో సెట్ పట్టుకుని కూర్చునే ఉంది. దాని స్క్రీన్ ఎప్పుడో ఆరిపోయింది.

“చెప్పాం. వినడం లేదు,” అన్నాడు జోగారావు, మోకాలు రుద్దుకుంటూ.

విజయేందర్ ఆమె పక్కన కూర్చున్నాడు. “అయిపోయిందమ్మా. వదిలెయ్.”

“దొరికిన్రా?”

“దొరికిన్రు.”

“మా ఆయనను కాల్చినోడు?”

“లాడ్జి ముందట ఆగిన వాని కార్ల సైలెన్సర్ పిస్టల్ సుత దొరికింది. వాడే.”

ఆమె చేతులు తీసింది. బొటనవేలు మాత్రం వెంటనే నిటారు కాలేదు. అరచేయి ఎర్రగా కమిలి పొక్కింది. ఆమె ఏడ్చింది, చప్పుడు లేకుండా, ముఖం అటు తిప్పుకుని.

ఆమె కళ్లు తుడుచుకున్నాక విజయేందర్ కవర్ ముందు పెట్టాడు. “ఈ సెట్‌ల రిపీటర్ మూగవోయినట్టు ఇన్ననంటుంది ఒకామె. నిజమేనా, చూసి చెప్పగలవా?”

శారదమ్మ కవర్ విప్పకుండానే సెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“వాల్యూమ్ మూసి ఉంది కొడుకా. గిట్లుంటే దీంట్ల ఏం ఇనవడది.”

“మధ్యల ఎవరన్న తిప్పి ఉంటే?”

“ఉండొచ్చు. నువ్వు తిప్పినవా?”

“లేదు.”

ఆమె కవర్ తిరిగి ఇచ్చేసింది.

జోగారావు గొంతు సవరించుకున్నాడు. “నిన్న నువ్వు ఆవిడని కలిశావు. కింది ఫ్రీక్వెన్సీ సంగతి అడిగేశావు. అలా చూడకు. పక్క టేబుల్ దగ్గర కూర్చున్నది మనవాడే. అయినా పొద్దున వాళ్లు అదే ఫ్రీక్వెన్సీ మీదకొచ్చారు. అంటే ఆవిడ వాళ్లకి చెప్పలేదు. మనకీ చెప్పలేదు. చెవులు మూసుకుని మరీ బటన్ నొక్కింది. రిపోర్టులో ఇదేమని రాస్తావో నాకైతే తెలీదు.”

“నాకూ తెలీదు సార్,” అన్నాడు విజయేందర్. కవర్‌ను జేబులో పెట్టుకోలేక, కింద పెట్టలేక చేత్తోనే పట్టుకున్నాడు.

శారదమ్మ గోడ ఆసరాతో లేచి నిలబడింది.

“సార్, జెర ఒక మాట. కాల్‌సైన్ చెప్పకుండ గంతసేపు గాలిల నొక్కి పట్టుకున్న. రూల్ ప్రకారం తప్పు. రేపు లైసెన్స్ క్యాన్సిల్ జేస్తమని ఎవరన్న వస్తే పరేషాన్ అయితది. గీమె మా పని మీదనే చేసిందని మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ముక్క రాసియ్యున్రి.”

“తప్పకుండా రాసిస్తానమ్మా,” అన్నాడు జోగారావు. “కాకపోతే, మా డిపార్ట్‌మెంట్ ఒకటుందని ప్రభుత్వం ఇంకా ఒప్పుకోలేదు.”