పది లారీల మేత

"నాలుగింటికి పది లారీల కోళ్ల మేత బయల్దేరుతుంది. ఒక్కటీ గేటు దాటకూడదు," అన్నాడు చీఫ్.

"బాంబా సార్?"

"బూజు."

ఏజెంటు నవ్వలేదు. డిపార్టుమెంటులో అందరూ అతన్ని డాక్టరనే పిలుస్తారు. ఒకప్పుడు నిజంగానే పశువుల డాక్టరు. బూజు పట్టిన మొక్కజొన్నలో పుట్టే విషం బ్రాయిలర్ కోడిని ఒక్క రోజులో చంపదని అతనికి తెలుసు. మెల్లగా కాలేయాన్ని తినేస్తుంది. మేసింది ఒంటికి పట్టదు, వేసిన టీకా పనిచేయదు. ఆపైన ఏ చిన్న జబ్బు వచ్చినా షెడ్డంతా ఊడ్చుకుపోతుంది. జనం జబ్బునే తిట్టుకుంటారు, మేతను అనుమానించరు. ఇక్కడి ఫారాలు మూతపడితే తమ మాంసం అమ్ముకోవచ్చని ఒక విదేశీ ముఠా ప్లాను.

"లోపల మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "మేత మిల్లు ల్యాబ్ మేనేజరు. కోడ్ వర్డ్, 'తెల్ల గొడుగు'."

మొదటి లారీ తన అక్క షెడ్డుకేనని డాక్టరు చెప్పలేదు. పొద్దున్నే ఆమె ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, టీకాలు వేయించినా కోళ్లు తోటకూర కాడల్లా వేలాడిపోతున్నాయిరా. ఈ బ్యాచ్ పోతే షెడ్డు అమ్మేస్తానంటున్నారు మీ బావ. ఒక్కసారి రాకూడదూ?"

మూడున్నరకు మేత కొనే వ్యాపారి వేషంలో మిల్లుకు చేరాడు. ల్యాబ్ మేనేజరు చెవులకు ముత్యాలు. అంత దుమ్ములోనూ తెల్లకోటు మీద మచ్చ లేదు.

"తెల్ల గొడుగు," అంది నవ్వుతూ. "కంగారు పడకండి డాక్టర్ గారూ. శాంపిల్స్ అన్నీ క్లీన్."

"ఎక్కడ తీశారు?"

"ప్రతి లారీలో, తలుపు దగ్గరి బస్తాలోంచి."

అక్కడే దొరికిపోయింది. బూజు విషం సరుకంతా సమానంగా పరుచుకోదు. ఏదో మూల గూడు కట్టుకుంటుంది. పైనా కిందా, ముందూ వెనకా పది చోట్ల తీయాలని ల్యాబులో చేరిన మొదటి వారమే నేర్పుతారు.

మొదటి లారీ తూకం వేసే వేబ్రిడ్జి ఎక్కి ఉంది. డాక్టరు లోపలి బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, అరచేతిలో పడ్డ మొక్కజొన్న నూక మీద పెన్నులాంటి అల్ట్రావయొలెట్ లైటు వేశాడు. నూక ఆకుపచ్చగా మెరిసింది, బూజు ఆనవాలు.

వీపుకు పిస్తోలు తగిలింది.

"మీకన్నీ కావాలి కదూ?" అంది ఆమె, అతన్ని పక్కనే ఉన్న తూకం గదిలోకి నెడుతూ. "రెండు నిమిషాలు బుద్ధిగా నిలబడండి."

డాక్టరు ఒకే ఒక్క పని చేశాడు. చీటీలు కొట్టే ప్రింటరులోంచి కాగితం చుట్ట లాగి, కిటికీ కింది నీళ్ల తొట్టిలోకి విసిరాడు.

నాలుగు కొట్టింది. గేటు తెరుచుకుంది. లారీ కదల్లేదు.

"తూకం చీటీ ఏదమ్మా?" అన్నాడు డ్రైవరు.

"చీటీ లేకుండా వెళ్లు!"

"చెక్‌పోస్టులో నా తోలు వలిచేస్తారు. మీరొచ్చి సమాధానం చెప్తారా?"

వెనక తొమ్మిది హారన్లు మోగాయి. తొమ్మిది మంది డ్రైవర్లు దిగొచ్చి గది నిండా నిలబడి అరుపులు మొదలెట్టారు. అంతమంది కళ్ల ముందు పిస్తోలు కోటు జేబులోకి జారుకుంది. ఆ గోల సద్దుమణగక ముందే చీఫ్ పంపిన పోలీసులు వచ్చేశారు.

సాయంత్రం అక్క షెడ్డులో అతను చచ్చిన కోడినొకదాన్ని కోశాడు. ఎర్రగా ఉండాల్సిన కాలేయం పచ్చగా పాలిపోయి, ఉబ్బి, వేలు తగిలితే చిట్లిపోతోంది. ఇవాళ్టి లారీ ఆగింది. మూడు వారాలుగా వచ్చిన మేత ఎప్పుడో తన పని కానిచ్చేసింది.

"ముందే వచ్చుంటే బతికేవేమోరా," అంది అక్క. "అంత తీరికలేని ఉద్యోగమా నీది?"

ఏ ఉద్యోగమో చెప్పడానికి లేదు. నోరులేని ఈ జీవాలు ఏం పాపం చేశాయని దేవుణ్ణి అడగబోయి, అడిగే మొహం తనకుందా అని ఆగిపోయాడు.

ఫోను మోగింది. "శభాష్ డాక్టరూ!" అన్నాడు చీఫ్. "రిపోర్టులో మరణాలు సున్నా అని రాసేశాను."

"ఒక్క షెడ్డులోనే ఐదు వేల కోళ్లు సార్."

"రిపోర్టు ఫారంలో కోళ్లకి గడి లేదయ్యా."