గెస్ట్‌హౌస్‌లో వైన్ కూలర్

"మంచు కరిగించే హీటర్ కొత్తది ఏసిన. అయినా మళ్లా మంచు కడుతాంది," అన్నాడు పరమేష్ ఫోన్లో.

"మా సీనియర్ టెక్నీషియన్‌ను పంపుతం, ఆగుండ్రి," అన్నారు సూర్యాపేట సర్వీస్ సెంటర్ వాళ్లు.

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో ఉంది ఆ వైన్ కూలర్, వైన్ సీసాలు చల్లగా ఉంచే ఫ్రిజ్. మెకానిక్ పరమేష్ దాన్ని నెలలో రెండుసార్లు బాగుచేశాడు. ఈసారీ బాగుకాకపోతే వేరే మెకానిక్‌ను పెట్టుకుంటానని మేనేజర్ చెప్పేశాడు.

మధ్యాహ్నం వానలో తడుస్తూ ఒక స్కూటీ వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి పరమేష్‌కు కూర్చున్నచోటు నుంచి లేవడం కూడా తోచలేదు.

నిరోష.

నల్లగొండ ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ ట్రేడులో ఆమె ఒక్కతే అమ్మాయి. రెండేళ్లూ ఇద్దరిదీ ఒకే బల్ల. ఆమె తెచ్చిన జొన్నరొట్టెలో సగం అతనిది. సాయంత్రం బస్టాండు దాకా నడుస్తూ రాగిగొట్టాలు అతికించడం గురించే మాట్లాడుకునేవారు. చెప్పాలనుకున్నది మాత్రం రేపటికి మిగిలిపోయేది. 2017లో పరీక్షలయ్యాక అతను ఒక్కమాటైనా చెప్పకుండా హైదరాబాదు వెళ్లిపోయాడు. ఏడేళ్లయింది.

"హీటర్ మార్చింది నువ్వేనా? ముందుగాల మీటర్ పెట్టి చూసినవా?" అంది నిరోష.

"మంచు కట్టిందంటే హీటరే పోయిందనుకున్న."

"అనుకున్నవు."

ఆమె లోపలి పలక విప్పింది. చల్లబరిచే కాయిల్ మీద బెత్తెడు మంచు. వేడినీళ్ల గుడ్డలతో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కరిగించారు. అప్పుడు కనబడింది, క్లిప్పు ఊడి పక్కకు వేలాడుతున్న చిన్న సెన్సర్.

"గిది కాయిల్‌ను ముట్టుకుంటెనే గదా మంచు కట్టిందని దానికి ఎరుకైతది. నీ కొత్త హీటర్‌కు ఒక్కసారన్న కరెంటు అందలే."

పరమేష్ తలొంచుకుని కొత్త క్లిప్పుతో సెన్సర్‌ను కాయిల్‌కు బిగించాడు. నిరోష హీటర్ తీగలకు మీటర్ తగిలించింది. కాయిల్ మళ్లీ చల్లబడేదాకా ఆగి చూడాలి. బయట వాన తగ్గలేదు. వంటమనిషి జానమ్మ రెండు టీలు పెట్టి వెళ్లింది.

"గప్పుడు ఎందుకు పోయినవు?" అంది నిరోష.

"నీ లగ్గం ఖాయమైందని మనతోని సదివిన విజేందర్ చెప్పిండు. మీ ఇంటి ముంగట పందిరి గుడ చూసిన."

"అది మా రమక్క లగ్గం."

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"గది గుడ అనుకున్నవు. అడగలే," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "ఏడాది దాంక నీ ఫోన్ కోసం చూసిన, పరమేష్."

అతను తడిగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "మరి నీ లగ్గం అయిందా?"

"గిన్నేండ్లకు అడిగినవు. కాలే."

మీటర్ ముల్లు కదిలింది. హీటర్‌కు కరెంటు అందుతోంది. పరమేష్ దాన్ని చూసి, ఆమె వైపు తిరిగాడు.

"ఆదివారం మీ ఊరు కేతేపల్లికొచ్చి మీ బాపుతోని మాట్లాడుత."

"పొద్దుగాల ఆరు దాటితే బాపు గొర్లు తోలుకపోతడు. జర జల్ది రా."

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకే అతను తల్లి నర్సింగమ్మతో వాళ్ల వాకిట్లో ఉన్నాడు. నిరోష తండ్రి గాలయ్య అప్పటికే దొడ్డి తడిక తీయబోతున్నాడు. పరమేష్ తడబడుతూ చెప్పిన పెళ్లి మాటంతా విన్నాడు. గుమ్మంలో నిలబడ్డ కూతురి ముఖం ఒకసారి చూశాడు. తీయబోయిన తడికను తిరిగి మూసి, తాడు బిగించాడు.

"ఇయ్యాల గొర్లు దొడ్లనే ఉంటయి," అన్నాడు నర్సింగమ్మతో. "కూసో అక్కా."