మహేశ్వరి రాసిన పదకొండు పేజీలు

పొద్దున్నే నాగక్క పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. రోజూ మూడు చేసే మనిషి ఈరోజు ఏడో రొట్టె పెనం మీద వేసింది. మనవరాలు శివకుమారి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, వీధి చివరి దాకా వెళ్లి చూసి వచ్చింది.

"ఎన్నిసార్లు పోతావే? నువ్వు చూస్తే రైలు తొందరగా వస్తాదా?" అంది నాగక్క.

"ఆటో శబ్దం వినపడింది అవ్వా."

"అది పాలాయన బండి. వచ్చి ఈ రొట్టె తిను."

శివకుమారికి తినాలని లేదు. రెండు నెలల తర్వాత అమ్మ, అక్క వస్తున్నారు. జనవరిలో ఊరు సగం ఖాళీ అయినప్పుడు వాళ్లు కూడా సుగ్గికి, అంటే వలస కూలికి పోయారు. గుంటూరు పక్క చేలల్లో మిరపకాయలు కోస్తూ, గట్టు మీద పట్టల గుడారం వేసుకుని ఉంటారు. తొమ్మిదో తరగతి చదువుతున్న శివకుమారిని మాత్రం అవ్వ దగ్గర వదిలి వెళ్లారు. నాయన పెద్ద ఈరన్న ఇంకా అక్కడే ఉన్నాడు. అక్క మహేశ్వరికి పరీక్ష ఉంది కాబట్టి అమ్మ ఆమెను తీసుకుని ముందుగా బయలుదేరింది.

మహేశ్వరి రెండేళ్ల కింద పదో తరగతిలో ఒక్క ఇంగ్లీషే తప్పింది. ఈ మార్చిలో మళ్లీ రాయడానికి హాల్‌టికెట్ వచ్చింది. వెళ్లేముందే అమ్మ మద్దమ్మ ఒక మాట చెప్పింది. "పాసైతే జూన్లో కోసిగి కాలేజీలో చేర్పిస్తా. తప్పితే మాత్రం ఇంక పుస్తకం మాటెత్తొద్దు. ఏడాదికేడాది నా ఎంట సుగ్గికి రావాల్సిందే."

అందుకే అక్కాచెల్లెళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. కోతలు లేని పూట మహేశ్వరి నోటుపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు రాసి, నాయన ఫోన్‌తో ఫోటో తీసి పంపాలి. శివకుమారి ఇంట్లో ఉన్న ఫోన్‌లో ఆ ఫోటో మీదే వేలితో ఎర్ర గీతలు గీసి, తప్పులకు సున్నాలు చుట్టి, కింద పదికి మార్కులు వేసి తిరిగి పంపాలి.

ఇంగ్లీషులో శివకుమారి బడికంతా మొదటిది. బడిలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. పేరు పిలిస్తే లేచి నిలబడి నేల చూస్తుంది. అలాంటి పిల్ల చేతికి విశ్వాసమ్మ టీచర్ ఒక ఎర్ర పెన్ను ఇచ్చి, కింది తరగతుల నోటుపుస్తకాలు దిద్దమంది. పిల్లలు తరచుగా చేసే తప్పులన్నీ ఒక అట్ట మీద రాయించి గోడకు తగిలించింది. ఆ పెన్ను పట్టుకుంటే శివకుమారికి భయం ఉండదు. ఎక్కడ ఏ అక్షరం తప్పిందో, ఏ వాక్యంలో కాలం మారిందో కళ్లు తమంతట తామే పట్టేస్తాయి.

పేజీ వచ్చిన ప్రతిసారీ అవ్వ అడిగేది. "ఏం రాసిందే అక్క?"

"బాగానే రాస్తాంది అవ్వా. పోయిన పేజీ కంటే తప్పులు తక్కువ."

"తప్పుల సంగతి కాదే, ఏం రాసిందని అడుగుతాండా."

"ఇంగ్లీషు అవ్వా, నీకర్థం కాదులే."

తొమ్మిది గంటలకు ఆటో వచ్చింది. మద్దమ్మ మూటలు దించింది. వెనక మహేశ్వరి దిగింది. ముఖం పీక్కుపోయి, జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. రైల్లో నిద్ర లేక అలా ఉందేమో అనుకుంది శివకుమారి.

"అక్కా, చూడు, అట్ట మొత్తం నీకోసం మళ్లీ రాసినా. ఇంక పదిరోజులుండాది. రోజుకు రెండు పేజీలు రాస్తే..."

మహేశ్వరి ఆ అట్ట వైపు చూడలేదు. అవ్వను ఒకసారి పట్టుకుని, లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం శివకుమారి నోటుపుస్తకం, పెన్ను తెచ్చి పక్కన పెట్టింది. మహేశ్వరి ఆ పుస్తకాన్ని పక్కకు తోసేసింది.

"నేను పరీక్ష రాయను."

"ఏమంటాండావు?" పొయ్యి దగ్గర్నుంచి మద్దమ్మ లేచి వచ్చింది. "హాల్‌టికెట్ వచ్చినాక రాయనంటావా? పని ఇడ్సిపెట్టుకోని నిన్ను తీసుకొచ్చిందెందుకే?"

"వచ్చే ఏడు కూడా నీ ఎంట వస్తాలే అమ్మా. దానికింత గొడవెందుకు?"

"ఇంగ్లీషంటే భయమైతే శివి ఉండాది గదా చెప్పేదానికి."

మహేశ్వరి ఒక్క నవ్వు నవ్వింది. ఆ నవ్వు శివకుమారికి ఏ మాత్రం అర్థం కాలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. అక్క అవ్వతో మాట్లాడుతోంది, అమ్మతో మాట్లాడుతోంది, పక్కింటి మేకతో కూడా మాట్లాడుతోంది. శివకుమారి దగ్గరికి వెళితే మాత్రం చీపురో బిందెనో తీసుకుని లేచిపోతోంది. తానేం తప్పు చేసింది? డైరీలో ఆ ప్రశ్న మూడుసార్లు రాసుకుంది. జవాబు రాయడానికి కింద జాగా వదిలింది.

ఒకవేళ తాను దిద్దినదే తప్పేమో. శివకుమారి ఫోన్ తీసి పేజీలన్నీ తెరుస్తూ తాను చుట్టిన సున్నాలను ఒక్కొక్కటే అట్టతో పోల్చి చూసింది. దిద్దింది అంతా సరిగ్గానే ఉంది. అయితే మార్కులు తక్కువ వేసినందుకే కోపమా? అదే అయ్యుంటుంది. తక్కువ మార్కులొస్తే తనకూ ఏడుపొస్తుంది కదా.

మూడో రోజు బడి నుంచి రాగానే, అక్క వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడింది.

"అక్కా, నీకు మార్కులు తక్కువేసినా. నిజమే. మళ్లీ చూసినా. మూడు వేసినచోట ఆరు, నాలుగు వేసినచోట ఏడు చేస్తా. సరేనా? ఇంక మాట్లాడు అక్కా."

మహేశ్వరి చేతిలో చాట కదలడం ఆగిపోయింది.

"ఆరు చేస్తావా? జరానికి మూడుకు బదులు ఆరేస్తావా?"

"ఏ జరం?"

చాట కింద పెట్టేసి మహేశ్వరి లేచింది. ఆ మాటలు విని మద్దమ్మ లోపల్నుంచి వచ్చింది.

"ఏ జరం అంటావా? నీకు తెలీదా?" అంది మద్దమ్మ, ముక్కున వేలేసుకుని. "ఐదురోజులు గుడారంలో పడుండింది నీ అక్క. ఒళ్లు కాలిపోతాంటే నాయన భుజం మీద ఏసుకోని ఆసుపత్రికి తీసుకపోయినాడు. ఊరికి ఫోన్ చేస్తామంటే, వద్దమ్మా, అవ్వ భయపడతాది, శివికి నేను రాసినా, అదే ఫోన్ చేస్తాది అనింది. ఫోన్ మోగినప్పుడల్లా తల ఎత్తి చూసేది. నువ్వు ఒక్కమాటన్నా అడిగినావా?"

"నాకు తెలీదమ్మా! నాకు ఎవరూ చెప్పలే!"

"చెప్పినా," అంది మహేశ్వరి. "నువ్వు మూడు మార్కులేసినావు."

శివకుమారి ఒక్క పరుగున లోపలికి పోయి ఫోన్ తెరిచింది. ఏడో పేజీ. ఎర్ర సున్నాల మధ్య అక్షరాలు వంకరగా ఉన్నాయి. సున్నాలను వదిలేసి ఈసారి మొదటి మాట నుంచి చదివింది. ఐ యామ్ ఫీవర్ ఫోర్ డేస్. మదర్ ఈజ్ గో టు ఫీల్డ్. ఐ యామ్ అలోన్ ఇన్ టెంట్. ఇది నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్న పిల్ల రాసింది. అమ్మ కోతకు పోతే గుడారంలో ఒంటరిగా పడుకుని రాసింది. చివరి వరుసలో, నువ్వు పక్కన ఉంటే బాగుండును అని ఉంది. దాని మీద రెండు సున్నాలు. కింద తన రాత: వాక్యాల్లో కాలాలన్నీ తప్పు. మూడు మార్కులు. మళ్లీ రాసి పంపు.

తర్వాతి ఫోటో ఎనిమిదో పేజీ. మహేశ్వరి మళ్లీ రాసింది. అదే జ్వరం, అదే గుడారం, అదే చివరి వరుస, ఈసారి దిద్దినట్టుగా, నిదానంగా, కొట్టివేతలు లేకుండా. ఆ రోజు ఐదో రోజు. దాని కింద శివకుమారి ఏడు మార్కులు వేసి, చాలా మెరుగుపడ్డావు అని రాసి, పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టింది.

తాను ఈ పేజీ చదవలేదా? చదివింది. ప్రతి మాటా చదివింది. మరి ఎలా చదవకుండా ఉంది? అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి పాఠం అనుకుంది. నోటుపుస్తకంలో ఎవరైనా నిజం రాస్తారని ఒక్కసారి కూడా అనిపించలేదు.

పదకొండు పేజీలూ మొదటి నుంచి చదివింది. రెండో పేజీలో మిరప ఘాటుకు వేళ్లు మండి పెన్ను పట్టుకోలేకపోతున్నానని ఉంది. దానికి చేతిరాత బాగుపరచుకో అని రాసింది తాను. నాలుగు, ఐదు పేజీల్లో గుడారం దగ్గరికి వచ్చిన కుక్కపిల్ల ఉంది. తొమ్మిదో పేజీలో, కాలేజీకి పోతే, శివి కూడా చేరాక బస్సులో దాని పక్కనే కూర్చుంటానని ఉంది. పదకొండో పేజీ సగమే ఉంది. అక్కడ అక్క ఆపేసింది.

శివకుమారి బయటికి వచ్చేసరికి మహేశ్వరి మళ్లీ చాట తీసుకుని కూర్చుంది. కానీ బియ్యం ఏరడం లేదు. శివకుమారి ఆమె పక్కన నేల మీద కూలబడింది.

"వేళ్లు ఇంకా మండుతాండాయా అక్కా?"

మహేశ్వరి తలెత్తి చూసింది.

"యా వేళ్లు?"

"రెండో పేజీలో రాసినావు గదా."

మహేశ్వరి తన కుడిచెయ్యి చాచి చూపించింది. వేళ్ల చివర్లు పొట్టు లేచి ఉన్నాయి. శివకుమారి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి ఆనించుకుని బోరున ఏడ్చింది.

"ఏడ్వద్దు మే, కళ్లు మండుతాయి. ఘాటు ఇంకా పోలే," అంది మహేశ్వరి, తనూ ఏడుస్తూ.

"ఆ కుక్కపిల్ల పేరేంది అక్కా? దానికి పేరు పెట్టినావా?"

"పెట్టినా. గుండు. పేరు కూడా రాసినా. నువ్వు దాన్ని కొట్టేసి పైన గుడ్ అని రాసినావు."

ఏడుపులోనే శివకుమారికి నవ్వొచ్చింది. మహేశ్వరికి కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మద్దమ్మ, "ఏడుస్తాండారో నవ్వుతాండారో నాకైతే తెలీడం లేదు" అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ సాయంత్రం నుంచి మహేశ్వరి మళ్లీ రాసింది. శివకుమారి దిద్దింది కూడా, పరీక్ష ఉంది కదా. కానీ మొదట పేజీ మొత్తం పెన్ను కింద పెట్టి చదివేది. రాసిన దాని గురించి ఏదో ఒకటి అడిగేది. తర్వాతే ఎర్ర పెన్ను. మార్కులు మాత్రం వేయలేదు. మార్కులు లేకపోతే ఎట్ల తెలుస్తాదే అని ఒకసారి అక్కే అడిగింది. శివకుమారి ఇంకో తెల్ల పేజీ తెరిచి ఆమె ముందుకు జరిపింది.

పరీక్ష రోజు శివకుమారి మధ్యాహ్నం ఎండలో వీధి చివర నిలబడింది. కోసిగి నుంచి వచ్చిన ఆటోలోంచి మహేశ్వరి దిగింది. ఎట్ల రాసినావు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నీళ్లు తాగినావా అక్కా?"

"తాగినా," అంటూ మహేశ్వరి చేతిలోని ప్రశ్నపత్రం చాచింది. "దూరంగా ఉండే మనిషికి ఉత్తరం రాయమని ఇచ్చినారు. నీకే రాసినా. బయటికొచ్చినాక మర్చిపోకముందే దీని ఎనకాల మళ్లీ రాసినా. వాళ్లు మార్కులేసుకుంటారులే. నువ్వు చదువు."

ఇంటి అరుగు మీద కూర్చుని శివకుమారి ఆ కాగితం తెరిచింది. రెండో వరుసలో ఒక తప్పు కనబడింది. ఆగలేదు. చివరి దాకా చదివింది. చదివి, మళ్లీ మొదటికి వచ్చింది.

నాగక్క రోలు దగ్గర్నుంచి అడిగింది. "ఏం రాసిందే అక్క?"

శివకుమారి లేచి వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది.

"చెప్తా విను అవ్వా," అని, మొదటి వరుస నుంచి ఒక్క మాటా వదలకుండా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.