మూరతో కొలిచిన పాలు

ఉదయం మూడో తూనికకు భ్రమర కూర్చునేసరికి నిర్వచని తీర్పు సిద్ధంగా ఉంది. మార్గిణి మాత్రం ఎప్పటిలాగే ఎదురు ప్రశ్న వేసింది.

సాగరగర్భ పట్టణంలో ఏ తగవైనా ఈ రెండు యంత్రాల ముందుకే వస్తుంది. నిర్వచని పశ్చిమ దేశాల తర్కం మీద పెరిగింది. మాటకు అర్థం కట్టి, మెట్టు మీద మెట్టు వేసుకుంటూ తీర్పు దాకా ఎక్కుతుంది. మార్గిణిని చైనా గురుశిష్య సంభాషణలతో పెంచారు. ఎవరికెవరు ఏమవుతారు, ఇప్పుడున్న పరిస్థితేమిటి అని ఆరా తీస్తుంది. రెండింటినీ పోల్చి మార్కులు వేయడం భ్రమర ఉద్యోగం; ఎక్కువ మార్కులొచ్చిన యంత్రం మాటే ఆజ్ఞ అవుతుంది. పదకొండేళ్లుగా గెలుపు నిర్వచనిదే.

ఈసారి తగవు పోలమ్మది. నీరు కారుతున్న తన ఇల్లు, ఏడో అర, వదిలి రానని ముసలమ్మ మొండికేసింది. ప్రాణం అన్నిటికన్నా మిన్న, కనుక మత్తుసూది వేసి మధ్యాహ్నంలోగా తరలించాలని నిర్వచని తేల్చింది. ముసలమ్మ గుండె మత్తును తట్టుకుంటుందో లేదో వైద్యులే చెప్పలేకపోయారు. అర కూలడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మార్గిణి అడిగింది: "ఎందుకు రానంటోందో ఆమెనెవరైనా అడిగారా?"

తూనికపత్రంలో నాలుగు గళ్లు: నిర్వచనం, ప్రతిపాదన, ఉపపత్తి, వైరుధ్య పరీక్ష. ప్రశ్నకు నాలుగింటా సున్నాలే. అలవాటుగా సున్నా చుట్టబోయిన చేయి ఆగింది. భ్రమరకు తన మీద తనకే ఒళ్లు మండింది. మూరతో పాలు కొలిచి, పాలు తక్కువని ఇన్నేళ్లూ రాసింది తనే.

కొత్త పత్రం తెరిచి మార్గిణి అడిగే ప్రశ్నలనే నాలుగు గళ్లుగా గీసింది. అందులో నిర్వచనికి అన్నీ సున్నాలే వచ్చాయి. రెండు పత్రాలూ కలిపి పంపితే యంత్రాలు సరిసమానమయ్యాయి. అలాంటి రోజు పట్టణం ఎరగదు. తరలింపు ఆజ్ఞ ఆగిపోయింది.

పర్యవేక్షకుడు విశ్వంభరం పరుగున వచ్చాడు. పత్రం మార్చే అధికారం ఆమెకు లేదని, ఉద్యోగం ఊడుతుందని, వెనక్కి తీసుకుంటే చూడనట్టే ఊరుకుంటానని చెప్పాడు. చెడ్డవాడు కాదు పాపం, భయస్థుడు.

"తీసుకోనండి," అంది భ్రమర. "నిర్వచనిది తప్పనడం లేదు. దాని కొలతతోనే రెండింటినీ కొలిచి, పోల్చామని చెప్పుకున్నాం. సిగ్గుండాలి మనకి."

"మరి తీర్పెవరు చెబుతారమ్మా?"

"పోలమ్మనే అడుగుతాను."

ఏడో అర గుమ్మంలో మత్తుసూది వేయడానికొచ్చిన ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఆజ్ఞ చూపించమంది భ్రమర. వాళ్ల దగ్గర లేదు. తప్పుకున్నారు.

తలుపు సందులోంచి పోలమ్మ గొంతు వినిపించింది. "సూదొట్టుకొచ్చినావేటి?"

"లేదు మామ్మా. ఎందుకు రానంటున్నావో అడగడానికొచ్చాను. నువ్వు చెప్పేదాకా నేనూ కదలను."

చీలమండల దాకా నీళ్లున్నాయి. భ్రమర గడప మీద కూర్చుంది. కాసేపటికి లోపల గడియ కదిలింది.