కొరమేను చేసిన తప్పు

గుర్రాలలంకలో బడి సమీక్షా సమావేశం దగ్గరపడిందంటే కిరాణా కొట్లలో ముక్కుపొడుం దొరికేది కాదు.

ఎప్పుడో ముత్తాతల కాలంలో చచ్చిపోయిన అలవాటు అది. ఇరవై రెండో శతాబ్దం గుమ్మంలోకి వచ్చాక కొల్లేటి ఒడ్డున మళ్ళీ బతికింది. చేపల చెరువుల మీద డ్రోన్లు మేత చల్లుతున్నాయి. చేప ఒంట్లోని చిప్పు దాని జబ్బేదో యజమాని చెవిలో చెబుతోంది. యంత్రాలు కూరుకుపోయే అడుగు బురదలోకి మాత్రం ఇప్పటికీ ఊరి చివరి కాలనీ మనుషులే దిగుతున్నారు. ఇంత సైన్సు నడుమ, బడి కమిటీ పెద్దలు రొండిన పొడుం డబ్బా దోపుకుని, బుగ్గన ఉసిరిముక్క పెట్టుకుని, శవం లేచే ఇంటికి వెళ్తున్నట్టు బడికి వెళ్ళేవారు.

అంతా గంధదర్శిని చలవ.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ ఉమ్మడిశెట్టి త్రిపుర. ఆవిడ వాదన చాలా తేలిక. వెనకటికి బడి ఎలా నడుస్తోందో కమిటీలకు అంకెల్లో చెప్పేవారు. మూడో తరగతిలో సగం మందికి చదవడం రాదని తెర మీద పడితే, పెద్దలు జీడిపప్పు నములుతూ "అలాగా" అనేవారు. తరువాత అంశం, ప్రహరీగోడకు రంగులు. అంకెకు వాసన ఉండదు. వంటింట్లో ఎలుక చచ్చి పడి ఉంటే ఎవడూ "అలాగా" అని ఊరుకోడు. దొరికేదాకా బీరువాలు జరుపుతాడు. కాబట్టి పిల్లవాడి చదువు కుళ్ళిపోతుంటే ఆ కుళ్ళు పెద్దల ముక్కుకి తగలాలి.

గాదెంత ఉంటుంది యంత్రం. పిల్లల పలకల్లో సెన్సర్లు ఉంటాయి. చదివేటప్పుడు కన్ను ఏ అక్షరం దగ్గర ఆగింది, చెప్పింది అర్థమై చెప్పిందా, బట్టీపట్టి అప్పజెప్పిందా అన్నది అవి పసిగడతాయి. ఏడాది పొడుగునా పోగైన ఆ డేటా నుంచి 'గ్రహణసూచి' తీసి, దానికి తగ్గ వాసనను గంధదర్శిని కలుపుతుంది. లోపల గంధగుళికలు వరసగా ఉంటాయి. అణువుల పాళ్ళు మార్చితే ఏ వాసనైనా పుడుతుంది. పిల్లలు ఎదుగుతుంటే తొలకరికి తడిసిన మట్టి వాసన. వెనకబడుతుంటే ఎండకు ఉబ్బి పగిలిన చేప, మురిగిన గుడ్డు, మగ్గిన గోనె, వీటన్నిటినీ కలిపి మూడు రోజులు మూతపెట్టి తీసినట్టు.

ముక్కు దేనికైనా అలవాటు పడిపోతుందని త్రిపురకు తెలుసు. అందుకే నాలుగు ఊపిర్లకొకసారి కంపు రకం మారేలా పెట్టింది. ఆ కంపు ఎవరి గురించో తెలియాలని ఇంకో ఏర్పాటు కూడా చేసింది. వాసన వదిలే క్షణంలోనే, కంపైనా మట్టి వాసనైనా, ఆ పిల్లవాడి ముఖం గోడంత తెర మీద కనిపిస్తుంది. అంకెకు ముఖం కూడా ఇచ్చానని ఆవిడ ఎన్నో సభల్లో చెప్పుకుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చట్టం వచ్చింది, ముందుగా కొన్ని బడులకు. సమీక్ష ముగిసి, వచ్చే ఏడాది ప్రాధాన్యాలు తేలేదాకా హాలు తలుపులు తీయకూడదు.

మొదటి ఏడాది గుర్రాలలంక పెద్దలు కక్కుకున్నారు. కక్కుకుంటూనే కొళాయిలు బాగుచేయించారు, పుస్తకాలు తెప్పించారు. అందరూ మెచ్చుకున్నారు. రెండో ఏడాది నుంచి మనిషి తెలివి మొదలైంది. పొడుం, ఉసిరి, ముక్కుల్లో కర్పూరం నూనె దూది. ఖాళీ కడుపున తిప్పుతోందని, సమావేశం తరువాత పెట్టుకునే భోజనాలను ముందుకు మార్చారు. అలా చేసిన ఏడాది హాలు ఏ స్థితికి వచ్చిందో రాయకపోవడమే మర్యాద.

ఇది అయిదో ఏడు. రాష్ట్రమంతా యంత్రం పెట్టే ముందు ఒక బడిలో కళ్ళారా చూడాలని త్రిపుర స్వయంగా వచ్చింది. వాకిట్లో కమిటీ ప్రెసిడెంటు గోపరాజు వెంకటపతి ఎదురొచ్చాడు. ఊళ్ళో సగం చెరువులు ఆయనవే.

"రండి మేడమ్ గారూ. ఇన్నాళ్ళకి మా కంపు మీరూ పంచుకుందురుగాని."

"అయిదేళ్ళుగా ప్రయోగశాలలో రోజూ పీలుస్తున్నానండీ. నాకేం కొత్త కాదు," అంది త్రిపుర నవ్వుతూ.

పక్కనే ఐసు ఫ్యాక్టరీ శేషారత్నం, రిటైరైన రెవెన్యూ ఉద్యోగి బ్రహ్మాజీ ఉన్నారు. శేషారత్నం బ్రహ్మాజీని మోచేత్తో పొడిచింది.

"ఈయన గోడు వినండి మేడమ్ గారూ. ముందు భోజనాలెట్టిన ఏడు కొరమేను పులుసు పీకల్దాకా లాగించి హాల్లోకొచ్చారు. ఇంకేముంది, మొత్తం టేబులు మీదే. ఆనాటి నుంచి కొరమేను అంటే ఆమడ దూరం!"

"దూరం కాదమ్మా," అన్నాడు బ్రహ్మాజీ బాధగా. "పేరు చెబితేనే డోకొస్తది. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి తిన్న చేప. మా ఆవిడ పులుసెడితే పక్కింటికెళ్ళి కూచుంటన్నాను."

"చేపేం చేసిందండీ పాపం? కంపు కొట్టింది మెషినూ, దోషం కొరమేనుదా?" అన్నాడు వెంకటపతి.

"బుర్రకి తెలుసండీ. కడుపుకెవరు చెప్తారు?"

అందరితో పాటు త్రిపురా పగలబడి నవ్వింది. అంత చదివినావిడ, ఆ నవ్వులో ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది.

హాల్లో హెడ్మిస్ట్రెస్ పరంజ్యోతి అప్పటికే కూర్చుని ఉంది. ఆవిడకు ఈ సమావేశంలో కావలసింది ఒక్కటే. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఆవిడొక్కతే చెబుతోంది. ఇంకో టీచరు కావాలి. బడి తెరవకముందే కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి, గొంతు పోగొట్టుకుని, ఈ ఏడు అందరికీ చదవడం నేర్పింది. ఆవిడ గొంతులో పుండు పడింది. ఇలాగే ఇంకో ఏడు లాగితే మాట పడిపోతుందని డాక్టరు చెప్పాడు. మాట పోయిన పంతులమ్మ దగ్గర ఎవరు నేర్చుకుంటారు? ఈ ఏడు యంత్రం తన వైపు ఉంటుందని ఆవిడ ధైర్యం.

తలుపులు మూశారు. గంధదర్శిని గొంతు సవరించుకుంది. దానికి ఆడ గొంతు పెట్టారు.

"అధ్యక్షా, గత సంవత్సరపు పురోగతి. మూడవ తరగతి."

తెర వెలిగింది. కాలనీ పిల్ల ఒకతె ముఖం. రెండు జడలు, ముందు పన్ను లేదు. గొట్టాల్లోంచి గాలి బుసకొట్టింది. నల్లటి నేల మీద మొదటి చినుకులు పడినట్టు తడిమట్టి వాసన హాలంతా పరుచుకుంది.

పరంజ్యోతి కళ్ళు మూసుకుని నిండా పీల్చింది.

"అబ్బబ్బ! మొదలెట్టింది ముండా మెషిను," అన్నాడు వెంకటపతి, పొడుం డబ్బా తీస్తూ. శేషారత్నం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బ్రహ్మాజీ అప్పటికే గోడవైపు తిరిగిపోయాడు.

త్రిపుర అయోమయంగా చూసింది. "ఏమండీ, ఇది మట్టి వాసన కదా? మంచి వాసన. పిల్లలు బాగా నేర్చుకున్నారని అర్థం."

"తమరికలా ఉందేమోనండి. మా ముక్కులు అయిదేళ్ళ బట్టి కాలినియ్యి. ఆ ముఖం తెర మీద పడితే ఏ కంపొస్తదో మాకు తెలవదా?"

"ముఖానికీ వాసనకీ సంబంధమేంటండీ?"

"అదే మరి! సంబంధం పెట్టింది తమరే గదండీ," అన్నాడు వెంకటపతి. హాస్యమాడాననుకున్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

తెర మీద ముఖాలు ఒకటొకటిగా మారాయి. ప్రతి ముఖానికీ ఒక కుర్చీ వెనక్కి జరిగింది. పరంజ్యోతి ఇక ఆగలేకపోయింది.

"ప్రెసిడెంటు గారూ, సూచి చూడండి. అయిదేళ్ళలో ఎప్పుడూ లేనంత పైకొచ్చింది. ఆ పిల్లలు చదివేస్తన్నారండీ. ఇంకో టీచర్నిస్తే నిలబడతారు. నా గొంతు..." మాట మధ్యలోనే బొంగురుపోయింది.

"మీ కష్టం మేం కాదన్నామా టీచర్ గారూ? కాదంటం లేదు. కాకపోతే అసలు సమస్య వేరుందండి." ఆయన యంత్రం వైపు తిరిగాడు. "రాసుకోవే. వచ్చే ఏటి ప్రాధాన్యాలు. ఒకటి, బడి ఆవరణ పరిశుభ్రత దృష్ట్యా కాలనీ పిల్లలకి చెరువు గట్టు మీదున్న షెడ్డులో విడిగా తరగతులు. రెండు, బడి ముందు ఆర్చి. మూడు..."

"టీచరు," అంది పరంజ్యోతి.

"మూడు, ఆర్చికి లైట్లు. టీచరు సంగతి చివర్న పెట్టు. వీలుని బట్టి."

అక్షరాలు తెర మీద పడుతున్నాయి. పరంజ్యోతి లేచి వెళ్ళి పక్కగది తలుపు తీసింది. ముందే అక్కడ కూర్చోబెట్టిన, తెర మీది పిల్లే హాల్లోకి వచ్చింది. పేరు దీవెన. ఉతికిన యూనిఫాం, నూనె పెట్టి బిగించిన జడలు, చేతులు కట్టుకుని నిలబడింది.

"యంత్రం మాట నమ్మకపోతే పిల్లనే అడగండి. ఏదైనా చదవమనండి," అంది పరంజ్యోతి.

వెంకటపతి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "అక్కడే, అక్కడే ఆగు పిల్లా. ఊఁ, చదువు. ఏదో ఒకటి చదివేసి ఎల్లు."

దీవెన చుట్టూ చూసింది. హాల్లో ఎదురుగా ఉన్న అక్షరాలు తెర మీదివే. వేలెత్తి, గట్టిగా చదవసాగింది.

"వచ్చే ఏటి ప్రా... ప్రాధా... ప్రాధాన్యాలు. ఒకటి. బడి ఆవరణ పరిశుభ్రత దృష్ట్యా, కాలనీ పిల్లలకి, చెరువు గట్టు మీదున్న షెడ్డులో, విడిగా తరగతులు."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. దీవెన వేలు దించి టీచరు వైపు తిరిగింది. "షెడ్డంటే చెరువుల్లోకేసే కోడి పెంట పోసుంచే షెడ్డాండి?"

పరంజ్యోతి కాదనబోయి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. పుండు వల్లే అనుకున్నారు మిగతావాళ్ళు.

"చూశారా మేడమ్ గారూ," శేషారత్నం కొంగులోంచే అంది. "పిల్ల చురుకైందే, కాదని ఎవరన్నారు? నాకేం దాని మీద పగా? కానీ కడుపులో దేవేస్తంటే ఏం చెయ్యమంటారు చెప్పండి. నా చేతిలో ఉందా?"

"అదీ మాట," అన్నాడు బ్రహ్మాజీ, గోడకే చెబుతున్నట్టు.

త్రిపుర యంత్రం దగ్గరికి నడిచింది. ఎక్కడో లోపం ఉంది. గొట్టాల్లో పాత కంపు మిగిలిపోయి ఉండాలి.

"ఇప్పుడు ఏ వాసన వదులుతున్నావు?"

"తొలకరి మట్టి," అంది గంధదర్శిని.

"వేరే అణువులేమైనా కలిశాయా?"

"లేదు."

"గాలిలో?"

"హాలు గాలిలో మట్టి వాసన, ముక్కుపొడుం, ఉసిరి, కొబ్బరినూనె, బట్టల సబ్బు ఉన్నాయి. దుర్వాసన కలిగించే పదార్థం లేదు."

"అయితే వీళ్ళకు ఎందుకు కంపు కొడుతోంది? నీలో లోపం ఉందేమో చూడు."

యంత్రం లోలోపల తడుముకుంది. "నాలో లోపం లేదు. నాకు చెప్పిన పని నేను చేశాను. నిరుటిదాకా నాలుగేళ్ళు ఈ కాలనీ పిల్లల ముఖాలు చూపించి, వెంటనే దుర్వాసన వదిలాను."

త్రిపురకు అప్పుడు కొరమేను గుర్తుకొచ్చింది.

కడుపుకెవరు చెబుతారు? పెద్దలకు తమ నిర్లక్ష్యం మీద రోత పుట్టాలని ఆవిడ యంత్రం కట్టింది. మనిషి కడుపు తన తప్పును ఎన్నడూ అనుమానించదు, ఎదుట ఏది కనిపిస్తే దాన్ని పట్టుకుంటుంది. అందులోనూ ఈ ఊరి పెద్దలు ఆ కాలనీ ముఖాలను చూసి ముక్కు మూసుకోవడం కొత్తగా నేర్చుకోవలసిన పని కాదు. తాతముత్తాతల నాటి చేష్ట. సిగ్గుపడి నాలుగు తరాలుగా దాచుకున్నారు. తన యంత్రం దానికి సైన్సు ముద్ర వేసి చేతికిచ్చింది. పరంజ్యోతికొక్కదానికే తేడా తెలిసింది, ఆ ముఖాలు ఆవిడకు రోజూ ఏ కంపూ లేకుండా కనిపిస్తాయి గనక.

చెప్పాలి. ఇప్పుడే, తీర్మానం కాకముందే చెప్పాలి. ఇది పిల్లల కంపు కాదనీ, మీ కంపేననీ. ఆవిడ గిరుక్కున తిరిగింది. దీవెన రెండడుగుల దూరంలో నిలబడి, ఊడిన పన్ను సందులోంచి మొహమాటంగా నవ్వుతోంది.

"మేడమ్ గారూ, బాగా చదివానాండి?"

త్రిపుర నోరు తెరవబోయింది. నోటికి ఏదో అడ్డంగా ఉంది.

అది ఆవిడ కొంగే. తనకు తెలియకుండానే ఎప్పుడో లేచి, ముక్కుకీ నోటికీ కలిపి గట్టిగా అదిమి పట్టుకుని ఉంది చెయ్యి. ప్రయోగశాలలో అయిదేళ్ళపాటు, రోజూ, ఆవిడ కూడా ఈ బడి నుంచి వచ్చిన ఆ ముఖాలనే, ఆ కంపుతోనే చూసింది. ముక్కుకి వస్తున్నది వాన వాసనేనని స్పష్టంగా తెలుస్తోంది. కడుపులోంచి మాత్రం పుల్లటి నీళ్ళు గొంతుదాకా ఎగదన్నుతున్నాయి. చెయ్యి దించమని మనసు చెబుతోంది. చెయ్యి దిగడం లేదు.

"ఆ, మేడమ్ గారు కూడా మూసుకున్నారు," అన్నాడు వెంకటపతి తృప్తిగా. "ఇంకేంటండి, ఏకగ్రీవం. రాసుకోవే."

"ఏకగ్రీవం," అంది గంధదర్శిని. అంటూ ఇంకాస్త తొలకరి వదిలింది.

తలుపులు తెరుచుకున్నాయి. పెద్దలు ఊపిరి బిగబట్టి, దీవెనకు తగలకుండా పక్కకి ఒరిగి, ఒకరి వెనక ఒకరు బయటపడ్డారు.

దీవెన నవ్వు ఆపేసింది. కొంగు కప్పుకున్న త్రిపుర ముఖంలోకి కాసేపు చూసింది. తరువాత కుడిచెయ్యి పైకెత్తి, యూనిఫాం చెయ్యి మడత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసుకుంది. నమ్మకం కుదరక ఎడమ చేతిదీ చూసుకుంది.

"సబ్బెట్టే ఉతికింది టీచర్, మా అమ్మ," అంది.